వానే పరీక్ష పెట్టింది: షోళింగనల్లూరు వెనక వీధిలో ఒక రోజు

వరద వచ్చినప్పుడు నేను వెళ్లను. నీళ్లు తగ్గి, బియ్యం మూటలు పంచినవాళ్లు వెళ్లిపోయి, ఫోటోలు తీసేవాళ్లు కూడా సర్దుకున్నాక ఒక్కదాన్నే బయల్దేరతాను. పంచింది అందరికీ అందిందా, అందింది పనికొచ్చిందా, ఎవరినైనా మరిచిపోయారా అని ఇల్లిల్లూ తిరిగి అడిగి, నిధులిచ్చిన వాళ్లకు ఉన్నదున్నట్టు రాసివ్వడం నా పని. ఏ సంస్థలోనూ ఉద్యోగిని కాను కాబట్టి కాగితాల మీద నన్ను స్వతంత్ర మూల్యాంకనకర్త అంటారు. నెల్లూరులో మా అమ్మ మాత్రం ఎవరడిగినా "మా వసంతది తప్పులు పట్టే ఉద్యోగం" అని తేల్చేస్తుంది.

ఈసారి పని చెన్నైలో పడింది. తుపాను వానలకు మునిగిన దక్షిణ శివారు కాలనీల్లో నాలుగు సంస్థలు కలిసి రెండేళ్లుగా ఒక కార్యక్రమం నడుపుతున్నాయి. ఒకరు తాగునీటి యంత్రం పెట్టారు. ఒకరు ఆడవాళ్లకు కుట్టు మిషన్లు ఇచ్చి పని నేర్పారు. ఇంకొకరు పాడుబడిన సమాజ మందిరాన్ని బాగుచేసి, వరదొస్తే తలదాచుకునే చోటుగా మార్చారు. నాలుగోవాళ్లు వీధి మనుషులకే వాన హెచ్చరికలు చెప్పడం, నడవలేని వాళ్లను ముందుగా తరలించడం నేర్పారు. రెండో విడత నిధులు ఇవ్వాలా వద్దా అన్నది నా నివేదిక చూసి తేలుస్తారట. వానలు పోయాక వెళ్లమని అందరూ సలహా ఇచ్చారు. వాన కోసం చేసిన ఏర్పాట్లను ఎండలో చూసి ఏం రాస్తాను? అందుకే తమిళుల ఐప్పసి నెల, అంటే చెన్నైలో గొడుగు లేకుండా గడప దాటని నెల, చూసుకొని మరీ బయల్దేరాను.

సోషల్ వర్క్ చదివే పిల్లలు, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు, క్షేత్రంలో ఒక రోజు ఎలా గడుస్తుందని తరచుగా అడుగుతుంటారు. వాళ్ల కోసమే దారులూ ఖర్చులూ కలిపి రాస్తున్నాను. ఇందులో ఉన్న మనుషుల పేర్లు మార్చాను. రాసుకోవచ్చా అని అందరినీ అడిగాను. ఒకామె మాత్రం, "నా పేరు మార్చు, నా మాట మార్చొద్దు" అంది. ఆమె ఎవరో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందురోజు సాయంత్రం నెల్లూరు నుంచి రైల్లో వచ్చి కోడంబాక్కం స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. గది పన్నెండు వందలు. శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే లోకల్ రైళ్ల చప్పుడు. కార్యక్రమం వాళ్లు కారు పంపుతామన్నారు కానీ నేను వద్దన్నాను. వాళ్ల కారు దిగి వచ్చిన మనిషికి వీధిలో ఎవరూ కడుపులో మాట చెప్పరు. నాలుగు సంస్థల తరఫున అన్నీ చూసుకునే భువన అనే అమ్మాయిని కూడా, సాయంత్రం దాకా ఆ వీధికి రావద్దని ముందే కోరాను. "మీరు పిలిస్తేనే వస్తాను మేడమ్" అని తమిళంలో నవ్వుతూ అంది గానీ, ఆ నవ్వు వెనక బెంగ వినిపించింది.

పొద్దున్నే స్టేషన్ బయట కాఫీ తాగి, సైదాపేటకు లోకల్ రైలెక్కాను. టికెట్ అయిదు రూపాయలు. అక్కడి బస్టాండు నుంచి ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీదుగా బస్సులు వెళ్తాయి. ముందు భాగానికి గులాబీ రంగు వేసిన మామూలు బస్సెక్కితే ఆడవాళ్లకు టికెట్ లేదు. డబ్బు ఇవ్వబోతే కండక్టరు "మీకు ఫ్రీ మా" అంటూ సున్నా టికెట్ చించి ఇచ్చాడు. నా పక్కన మల్లెపూల బుట్టతో కూర్చున్నావిడ, ఈ టికెట్ లేకుండా తిరగడం వల్లే తన బేరం ఆఫీసుల దాకా వచ్చిందని చెప్పింది. మెట్రో పనుల వల్ల రోడ్డు సగమే మిగిలింది. ఆ సగంలోనే ఆఫీసు క్యాబులూ, బస్సులూ, స్కూటర్లూ. షోళింగనల్లూరు చేరేసరికి గంటన్నర దాటింది. తొమ్మిది తర్వాత బయల్దేరితే ఇంకా ఎక్కువే పడుతుంది, కాబట్టి ఏడింటికల్లా బస్సులో ఉండండి.

కూడలి నుంచి లోపలికి ఆటో మాట్లాడాను. నూట యాభై అన్నాడు, నూట ఇరవైకి దిగాడు. దారిలో అతనికి ఇంటినుంచి ఫోన్ వస్తే, "ఈడ బేరంలో ఉండా మా, తరవాత చేస్తా" అన్నాడు. తెలుగువారా అని అడిగితే అద్దంలోంచి చూసి నవ్వాడు. అతని పేరు శేఖర్.

"మా తాతకు తాత కాలంలో వచ్చినామంట మేడమ్ ఈడికి. ఇంట్లో తెలుగే. నా పిలకాయలు మాత్రం అరవంలోనే బదులు చెప్తారు. మీరు పొయ్యే వీధిలో కూడా మనవాళ్లు ఉండారు. ముందు ఊళ్లో కాలవగట్టున ఉండేవాళ్లు, గవర్నమెంటోళ్లు ఈడికి మార్చినారు."

"ఆ వీధి ఎలా ఉంటుంది?"

"ఎండకాలం నీళ్ల లారీ కోసం చూస్తారు, వానాకాలం పడవ కోసం చూస్తారు. అంతే," అని, ఆకాశం వైపు తలెత్తి, "ఇయ్యాల మబ్బు సరిగా లేదు. వానొస్తే ఫోన్ చెయ్యండి, సందు మొదటి దాకా వస్తా. లోపలికి మాత్రం రాలేను, ఇంజిన్లోకి తణ్ణి పోతుంది" అని నీళ్లకు తమిళ మాట వాడుతూ నంబరిచ్చాడు.

అద్దాల ఆఫీసుల వెనక నుంచి రెండు మలుపులు తిరిగితే ఆ వీధి. రెండు వైపులా నాలుగంతస్తుల ఇళ్లు, చివర గోడ, గోడవతల బోదగడ్డి పెరిగిన చిత్తడి నేల. వీధి మొదట్లో మునెమ్మ ఇడ్లీ కొట్టు. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. వీధిలో వాన హెచ్చరికలు చెప్పే బృందానికి ఆమే పెద్ద. నేనొస్తానని ముందే కబురు అందినట్టుంది, చూడగానే "రిపోర్టమ్మ వచ్చిండాది" అని కేకేసి, విస్తరాకు ముక్కలో నాలుగు ఇడ్లీలు పెట్టింది. తిన్నాక డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. నా పనిలో ఎవరి దగ్గరా ఊరికే తినకూడదని చెప్పాను.

"ఏంది మా ఇది? నా ఇడ్లీ తింటే నా పక్షం మాట్లాడతావని భయమా?"

"భయమే అక్కా. అంత మెత్తగా ఉన్నాయి మరి."

ఆమె పెద్దగా నవ్వి డబ్బు తీసుకుంది. తర్వాత కొట్టు వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "ఇదో చూడు మా, అంతా బాగుండాదని రాయి. తప్పులు రాస్తే ఆపేస్తారంట కదా. పక్క వీధోళ్లకు ఇంకా ఏమీ రాలే. వాళ్లకు రావాలంటే నువ్వు బాగా రాయాల. నీకు పుణ్యం ఉంటుంది."

ఇలాంటి మాట ప్రతి ఊళ్లోనూ వింటాను కానీ, పక్క వీధి కోసం అడిగిన మనిషి తక్కువ. చూసింది రాస్తానక్కా అని మాత్రం చెప్పాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

పొద్దున పూటంతా ఇళ్లు తిరిగాను. నీళ్ల యంత్రం బాగా నడుస్తోంది. దాన్ని చూసుకునే ఆడవాళ్లు, కడుపులో నొప్పులతో ఆస్పత్రికి పోవడం తగ్గిందని ఉత్సాహంగా చెప్పారు. సంస్థల పేర్లు ఎవరికీ నోరు తిరగవు, గుర్తూ లేవు. నీళ్లవాళ్లు, మిషన్లవాళ్లు, హాలువాళ్లు, మైకువాళ్లు. అంతే. పొరపాటు లేకుండా ఉండాలని నా కాగితాల్లో కూడా అలాగే రాసుకున్నాను. మిషన్లవాళ్ల పని మాత్రం సగమే పండింది. పనిస్తానన్న కంపెనీ మధ్యలో మానేసిందట. రెండో అంతస్తులో ఒకింట్లో కుట్టు మిషన్ మీద టీవీ పెట్టారు. అది చూసి నేనేమీ అనకపోయినా, ఆ ఇల్లాలు సిగ్గుపడి, "నేర్చుకుంది మరిచిపోలేదు మా, కుట్టేదానికి గుడ్డ ఎవురిస్తారు?" అంది. ఆ ప్రశ్నను ఆమె అన్నట్టే రాసుకున్నాను.

చివరి ఇల్లు కస్తూరిది. ముప్పై దాటిన మనిషి. చిన్నతనంలో జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాయి, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆమె మిషన్ మీద టీవీ లేదు. రోడ్డవతలి అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ల జాకెట్లు కుప్పగా ఉన్నాయి. ఆమెకు తెలుగుతో పాటు ముక్కు సూటిగా మాట్లాడటం కూడా వచ్చు. గోడవతల నుంచి నీళ్లు ముందుగా ఆమె ఇంట్లోకే వస్తాయి. పాత వరదలో ఏం జరిగిందని అడిగాను.

"నన్ను బియ్యం మూట ఎత్తినట్టు ఎత్తి పైమెట్ల మీద ఏసినారు. ఎవురు ఎత్తినారో కూడా తెలీదు. నొప్పిగా ఉంది, చెయ్యి తియ్యండ్రా అన్నా ఎవురూ ఇన్లే. నా కుర్చీ ఆడనే తేలతా ఉండింది."

"ఇప్పుడు వానొస్తే?"

"ఇప్పుడు నన్నెవురు తొయ్యాల, ఎప్పుడు తొయ్యాల, నేనే చెప్తా. మైకువాళ్లు నేర్పించేటప్పుడు నాలుగు తూర్లు చేసి చూపించినాం. హాలుకు ర్యాంపు కట్టినారు చూడు, ముందు నిచ్చెన మాదిరి కట్టినారు. ఇట్లా కడితే నేను ఎక్కను, మీరే ఎక్కండి అని ఆడనే కూచున్నా. మళ్లీ పగలగొట్టి కట్టినారు." చెబుతుంటే ఆమె మొహంలో గర్వం కనిపించింది. నాలుగు సంస్థలు ఒక మనిషి మాట విని, కట్టింది కూల్చి కట్టడం నేను తరచుగా చూసే విషయం కాదు.

మధ్యాహ్నం భోజనం మునెమ్మ కొట్లోనే. సాంబారన్నం, అప్పడం, యాభై రూపాయలు. చెయ్యి కడుక్కుంటుండగా వెలుతురు తగ్గిపోయింది. మొదట పెద్ద చినుకులు పడ్డాయి. కాసేపటికి ఎదురిల్లు కనపడనంత వాన. గంట గడిచినా తగ్గలేదు. మునెమ్మ ఫోనుకు హెచ్చరిక సందేశం వచ్చింది. ఆమె దాన్ని పైకి చదివించుకుని, గిన్నెలు అలాగే వదిలేసి, గూట్లోంచి మైకు తీసింది. "వాన ఎక్కువవతా ఉండాది. గోడ పక్కనోళ్లు సామాన్లు పైకి ఎత్తుకోండి. నడవలేనోళ్లను హాలుకు తెచ్చేస్తాం. భయం లేదు, భయం లేదు" అని ముందు తెలుగులో, తర్వాత తమిళంలో చెప్పుకుంటూ వీధి పొడవునా నడిచింది. పసుపు చొక్కాలు వేసుకున్న ఆడవాళ్లూ మగవాళ్లూ ఇళ్లలోంచి దిగారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒకరు మంచంలో ఉన్న పెద్దాయన ఇంటికి, ఇంకొకరు నెలలు నిండిన అమ్మాయి ఇంటికి వెళ్లారు.

నేను గొడుగు పట్టుకొని కస్తూరి ఇంటి వైపు వెళ్లాను. గోడ కింద నుంచి గోధుమరంగు నీళ్లు అప్పుడే పాకుతూ వస్తున్నాయి, మడమలదాకా కూడా లేవు. కస్తూరి జాకెట్లన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి ఒళ్లో పెట్టుకుంది. కుర్చీ తోయాల్సిన ఇద్దరిలో ఒకతను పని మీద ఊళ్లోకి వెళ్లాడట. ఉన్న ఒక్క ఆడమనిషి నా వైపు చూసింది. చూసి రాయడానికి వచ్చిన మనిషి చెయ్యి పెట్టకూడదన్నది ఈ పనిలో మొదటి రోజే చెబుతారు. కానీ ఆ నీళ్లలో నిలబడి ఆ మాట ఎవరికి చెప్పుకుంటాను? గొడుగు మడిచి కస్తూరికిచ్చి, కుర్చీ వెనక ఒక పక్క పట్టుకున్నాను.

"మెల్లంగా మా. గుంత వస్తే ఎనక్కి వంచాల, ముందుకు కాదు. సరి... సరి... ఇప్పుడు తొయ్యి," అని కస్తూరి చెబుతూనే ఉంది. ముగ్గురమూ తడిసి ముద్దయి సమాజ మందిరం చేరేసరికి పెద్దాయన్నీ, నెలలు నిండిన అమ్మాయినీ అప్పటికే తెచ్చారు. అందరూ చూరు కింద గోడకు ఒత్తుకొని నిలబడి ఉన్నారు. తలుపుకు పెద్ద తాళం.

"బీగంచెవి ఎవురి దగ్గర ఉండాది?" అని మునెమ్మ అరిచింది. ఎవరి దగ్గరా లేదు. పోయిన వారమే హాల్లోకి కొత్త చాపలూ దుప్పట్లూ వచ్చాయి, అప్పుడే ఎవరో తాళం వేసి వెళ్లారు. ఆమె మైకువాళ్లకు ఫోన్ చేస్తే, తాళంచెవి హాలువాళ్ల దగ్గరుందన్నారు. హాలువాళ్లకు చేస్తే, మైకువాళ్లకు ఎప్పుడో ఇచ్చేశామన్నారు. ఇద్దరూ కనుక్కొని చెబుతామన్నారు. ఈలోగా గాలి తిరిగి, చూరు కింద కూడా జల్లు కొట్టడం మొదలైంది. పెద్దాయన వణుకుతున్నాడు.

"పగలగొట్టు అక్కా," అంది కస్తూరి.

మునెమ్మ నా వైపు ఒక చూపు చూసి, ఆమె చెవిలో చెప్పబోయింది కానీ వాన హోరులో గుసగుస కుదరదు. నాకూ వినిపించింది. "ఈయమ్మ ముందర వద్దు. అంతా పాడైపోతుంది. ఇంకొంచెం చూద్దాం."

"ఈయమ్మ రాసేదానికోసం నేను నానతా ఉండాల్నా? ఆ తాత సంగతేంది?"

మునెమ్మ మొహం చూస్తే నాకు బాధేసింది. రెండేళ్లు పడిన పాటంతా ఆ తాళం దగ్గర ఆగిపోయినట్టు నిలబడింది. నేను దగ్గరికెళ్లి, "అక్కా, నా సంగతి మరిచిపో. నేను లేకపోతే ఏం చేసేదానివో అది చెయ్యి" అన్నాను. ఆమె చీర చెంగు నడుముకు దోపి, వానలోనే కొట్టుకు పరుగెత్తి, పిండి రుబ్బే పొత్రం రెండు చేతులా మోసుకొచ్చింది. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో తాళం ఊడి నీళ్లలో పడింది.

లోపల పొడిగా, వెలుతురుగా ఉంది. బ్యాటరీ లైటు వెలిగింది. ర్యాంపు మీద కస్తూరి కుర్చీ సాఫీగా ఎక్కింది. మరుగుదొడ్డి తలుపులోకి కూడా కుర్చీ తగలకుండా వెళ్లింది. పెద్దాయనకు పొడి దుప్పటి కప్పి పడుకోబెట్టారు. నీళ్లవాళ్లు నింపి ఉంచిన డబ్బాలు మూలన వరసగా ఉన్నాయి. ఎవరో స్టవ్ వెలిగించారు, టీ కాగింది. కాసేపటికి పిల్లలు చాపల మీద దొర్లడం మొదలుపెట్టారు. తాళం ఒక్కటి తీసేస్తే ఆ మధ్యాహ్నం అన్నీ అనుకున్నట్టే జరిగాయి. నాకు టీ ఇస్తూ మునెమ్మ నా చెయ్యి వదల్లేదు.

"బీగం సంగతి రాయొద్దు మా. నీ కాళ్లు పట్టుకుంటా."

"రాయాలక్కా. నువ్వు పగలగొట్టావని కాదు, పగలగొట్టాల్సి వచ్చిందని రాస్తాను."

"రాస్తే రెండో విడత వస్తుందా?"

అవునని చెబితే ఆమె మొహం వెలిగేది. కానీ ఆ మాట నా చేతిలో లేదు. "వస్తుందని మాటివ్వలేను. ఇక్కడ బాగున్నది కూడా అంతే గట్టిగా రాస్తానని మాటిస్తాను" అన్నాను. ఆమె నా చెయ్యి వదిలేసి, గ్లాసు అక్కడ పెట్టి లేచి వెళ్లిపోయింది. కస్తూరి ఆమె వెనకే కుర్చీ తోసుకుంటూ వెళ్లి, "వచ్చే వానకు మళ్లీ బీగం పడితే? ఆ పొద్దు నువ్వు ఊళ్లో లేకుంటే నా గతేంది?" అనడం వినిపించింది. దానికి మునెమ్మ ఏం చెప్పిందో వినపడలేదు.

వాన తగ్గాక భువన మోకాళ్లదాకా ప్యాంటు మడుచుకుని పరుగున వచ్చింది. తలుపూ, కింద పడ్డ తాళమూ చూసి అక్కడే ఆగిపోయింది. నేనేమంటానో అని ఆమె ఎదురుచూస్తుంటే, మర్నాడు నాలుగు సంస్థల వాళ్లతో జరగాల్సిన సమావేశానికి వీధి నుంచి ఇద్దరిని పిలవమని మాత్రం అడిగాను. వాళ్ల దారి ఖర్చు నా పని బడ్జెట్‌లోంచే పెట్టుకుంటానన్నాను. శేఖర్‌కు ఫోన్ చేస్తే, చెప్పినట్టే సందు మొదటి దాకా వచ్చాడు. కోడంబాక్కం చేరేసరికి చీకటి పడింది. తడిసిన బట్టలు ఫ్యాను కింద ఆరేసుకున్నాను. మునెమ్మ రేపు వస్తుందో రాదో అన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

సమావేశం కోడంబాక్కంలోనే, అద్దెకు తీసుకున్న ఒక చిన్న హాల్లో జరిగింది. శేఖర్ ఆటోలోంచి ముందు కస్తూరి కుర్చీ దిగింది, తర్వాత కస్తూరి, ఆఖర్న ఇస్త్రీ చీరలో మునెమ్మ. నన్ను పలకరించలేదు. నేను చూసిందంతా చెప్పాను. నీళ్ల యంత్రం, ర్యాంపు, హెచ్చరిక విని నిమిషాల్లో కదిలిన మనుషులు, టీవీ కింద ఉన్న కుట్టు మిషన్లు, ఆఖర్న తాళం. తాళం మాట రాగానే హాలువాళ్లూ మైకువాళ్లూ ఎంతో మర్యాదగా ఒకరి మీదికి ఒకరు తోసుకోవడం మొదలుపెట్టారు. ఎవరి ఒప్పందంలో ఏ బాధ్యత రాసి ఉందో చదివి వినిపించుకున్నారు. అప్పుడు మునెమ్మ లేచింది.

"బీగం పగలగొట్టింది నేను. నా పొత్రంతోనే పగలగొట్టినా. కొత్త బీగం నేనే కొనిస్తా. దాని చెవి మాత్రం మా వీధిలో ఉండాల. మీరు మాకు మైకు ఇచ్చినారు, చొక్కాలు ఇచ్చినారు, అంతా నేర్పించినారు. చెవి ఒక్కటి ఈలేకపోతిరా? దుప్పట్లు ఎత్తుకపోతామనా?"

ఆవేశంలో ఆమె తెలుగులోనే మాట్లాడేసింది, అది సగంమందికి అర్థం కాలేదు. భువన లేచి తమిళంలో చెబుతూ, ఏ మాటా మెత్తబరచకుండా చెప్పింది. హాలువాళ్ల తరఫున వచ్చిన ఒకాయన బయటికెళ్లి ఫోన్ చేసి, తిరిగి వచ్చి, నిలబడే చెప్పాడు. తాళంచెవి జార్జి టౌన్‌లోని వాళ్ల గోడౌన్లో సొరుగులో ఉందట. "దుప్పట్లు పోతాయేమోనని మేమే తాళం వేశాం. వేసింది మేమే, మరిచింది మేమే. క్షమించండమ్మా" అన్నాడు. తమిళం బాగా వచ్చిన మునెమ్మకు ఆ మాట ఎవరూ మార్చి చెప్పనక్కరలేకపోయింది. ఆమె తల ఊపి కూర్చుంది. ఆ తర్వాత మాటల తీరే మారిపోయింది. మిషన్లవాళ్లు తమంతట తామే, పనిచ్చే కంపెనీ దొరక్కుండా మిషన్లు పంచడం తొందరపాటని ఒప్పుకున్నారు. బయటికి వచ్చేటప్పుడు మునెమ్మ నా పక్కన ఆగి, "ఇప్పుడు రాసుకో" అంది.

రాశాను. కొన్ని వారాల తర్వాత రెండో విడత వచ్చిందని భువన ఫోన్ చేసింది. పక్క వీధి కూడా అందులో చేరింది. కుట్టు మిషన్ల భాగాన్ని ప్రస్తుతానికి ఆపారు. ఆ టీవీ ఉన్న ఇంటి ఇల్లాలిని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆమెకు గుడ్డ ఇచ్చే దారి ఇంకా ఎవరికీ దొరకలేదు. హాలు తాళంచెవులు రెండూ వీధిలోనే ఉన్నాయి. ఒకటి మునెమ్మ దగ్గర, ఒకటి కస్తూరి దగ్గర. ఆ మధ్య మళ్లీ పెద్ద వాన పడినప్పుడు, అందరికన్నా ముందు కస్తూరే వెళ్లి హాలు తెరిచిందట. మిగతావాళ్లు వచ్చేసరికి లైటు వేసి, గుమ్మంలో కుర్చీ పెట్టుకుని, "ఇంత ఆలిస్యమా?" అని తిట్టిందని చెబుతూ భువన ఒకటే నవ్వు.

ఈ పనిలో ఇన్నేళ్లుగా తిరుగుతున్నా, సహాయం అంటే ఏమిటో ఒక్కో ప్రయాణంలో ఒక్కో ముక్క తెలుస్తోంది. దుప్పటి ఇవ్వడం సులువు, తాళంచెవి ఇవ్వడం కష్టం. రెండోదానికి నమ్మకం కావాలి. ఆ నమ్మకం లేదని తెలిసిన రోజున కూడా ఆ నాలుగు సంస్థలవాళ్లూ లేచి వెళ్లిపోకుండా కూర్చుని విన్నారు. తప్పు చెబితే ఉన్నది కూడా పోతుందని భయపడిన మనిషి, నలుగురి ముందూ నిలబడి తనే చెప్పింది. ఆ రెండూ ఒకే గదిలో జరగడం చూశాను కాబట్టి, చెన్నై నుంచి తడి చెప్పులతో వచ్చినా తేలిక మనసుతో వచ్చాను.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క మాట. చెన్నైలో వానాకాలం వెళ్లండి, రబ్బరు చెప్పులు వేసుకోండి, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు. ఏ వీధికి వెళ్లినా, ఈసారి నేను చేసినట్టు మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టకండి, నేరుగా చివరి ఇంటికి నడవండి. నీళ్లు ముందుగా వచ్చేదీ, సహాయం ఆఖరున చేరేదీ ఆ ఇంటికే.